యాభై గుంటల్లో ఒకటి

మా చిన్నప్పటి శనివారాలు గరాజ్‌లో మొదలయ్యేవి... బెంటన్‌విల్‌లో మా ఇంటి గరాజ్‌లో సగం కారుది, సగం నాన్న బల్లది. ఆ బల్ల మీద నాన్న పిస్తోలు తూటాలు మళ్ళీ నింపేవారు. పేల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, కడిగి ఆరబెట్టి, లోపల తుపాకీ మందు పోసి, పైన గుండు బిగించేవారు.

అది పక్కింటి డేల్ అంకుల్ నేర్పిన విద్య. ఆయన రిటైరైన మెకానిక్. నాన్నకి గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళిందీ ఆయనే. నాన్నకి ఆఫీసులో తెలిసినవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు... స్నేహితుడు మాత్రం ఆయనొక్కరే.

నాకూ ఒక ఉద్యోగం ఉండేది. యాభై గుంటలున్న చెక్క పలక ఒకటి ఉండేది. నాన్న దాన్ని వామనగుంటల పీట అనేవారు. గుంటకొక గొట్టం నిలబెట్టి, మందు కొలిచే పరికరం మీట నొక్కి ఒక్కోదాంట్లో మందు పోసేవారు. మందు ఎక్కువ పడితే తుపాకీయే పేలిపోతుంది కాబట్టి, నేను టార్చిలైటు వేసి ప్రతి గొట్టంలోకీ తొంగిచూడాలి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, సంతకం పెడతారా?"

"ఓకే నాన్నా." అదే నా సంతకం.

నాన్న మామూలుగా వాడే మందు నలిగిన అటుకుల్లా రేకులు రేకులుగా ఉండేది. గొట్టం సగం దాటి నిండేది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయటికి వచ్చేది... తప్పు దానంతటదే కనబడిపోయేది.

ఒక వేసవిలో ఆ మందు ఏ షాపులోనూ దొరకలేదు. నాన్న ఎప్పుడూ వాడని రకం డబ్బా తెచ్చారు. మూత తీస్తే సన్నగా, గుండ్రంగా... అచ్చం గసగసాలు. డేల్ అంకుల్ వచ్చి చూశారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నాకిప్పుడు తెలుగులో గుర్తొస్తుంది.

"కొత్తదా రవీ? కొలతల పుస్తకం చదివావా?"

"రెండుసార్లు చదివా."

"అయితే మూడోసారి చదువు."

నాన్న నిజంగానే మూడోసారి చదివారు. తూకం సరిచూశారు. ఇది కొంచెమే కనబడుతుంది, భయపడకు అని నాకూ చెప్పారు. సగం పలక అయ్యేసరికి ఆఫీసు నుంచి ఫోన్... "వన్ మినిట్ తల్లీ" అని బయటికి వెళ్ళి, చాలాసేపటికి చిరాగ్గా వచ్చారు. ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాననుకున్నారు.

టార్చి వేశాను. అన్నిట్లోనూ మందు అడుగున కొంచెంగా ఉంది. ఒక్కదాంట్లో మాత్రం సగం దాటి ఉంది. అది ఎన్నో శనివారాలుగా నా కంటికి అలవాటైన ఎత్తు... పాత మందు నిండే ఎత్తు. అందుకే అదీ తప్పుగా అనిపించలేదు. అయినా చెప్పాలా అని ఒక్క క్షణం తటపటాయించాను.

"ఏంటి, ఇవాళ సంతకం లేదా?"

"ఓకే నాన్నా."

మర్నాడు రేంజ్‌కి వెళ్ళాం. ఇంకొకరు నింపిన తూటా తన తుపాకీలో పెట్టకూడదన్నది డేల్ అంకుల్ నియమం. ఈ పని చేసేవాళ్ళందరిదీ అదే నియమమట. అన్నేళ్ళలో నాన్నవి ఆయన గానీ, ఆయనవి నాన్న గానీ ఒక్కటీ పేల్చలేదు. ఆ రోజు కొత్త మందు బాగా పేలుతోందని నాన్న సంబరపడుతుంటే, ఆయన చెయ్యి చాపారు.

"ఓ పది ఇలా ఇవ్వు."

"మరి నీ రూల్?"

"ఇన్‌స్పెక్టర్ చూసిందిగా!" అని నాకేసి కన్నుగీటారు.

నాలుగోదో, ఐదోదో... చప్పుడు వేరేగా వచ్చింది. పిస్తోలు పిడి ఆయన చేతిలోనే చీలిపోయింది. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు దక్కాయి. కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు.

కొన్నాళ్ళకి కట్టుతోనే మా వాకిట్లోకి వచ్చారు. "నాకు కోపం లేదు రవీ. ఏం జరిగిందో చెప్పు, అంతే."

"తెలీదు" అన్నారు నాన్న. నిజంగానే తెలియదు. మందు చెడ్డదా, తూకం తప్పిందా, పుస్తకం తప్పుగా చదివానా అని నెలల తరబడి నోట్సు తిరగేశారు. నాకు మాత్రం తెలుసు... ఆ చప్పుడు విన్నప్పుడే తెలిసింది. పదేళ్ళ దాన్ని, భయంతో నోరు తెరవలేదు.

ఏం చేశాడో తనకే తెలియని మనిషి ఏ ముఖం పెట్టుకుని పక్కింటికి వెళ్తాడు? నాన్న బల్ల విప్పేశారు. డేల్ అంకుల్ తలుపు కొడితే, కాల్‌లో ఉన్నానని చెప్పమనేవారు. నేనే వెళ్ళి చెప్పేదాన్ని. మెల్లగా ఆయన రావడం మానేశారు. ఆ తర్వాత అన్నేళ్ళూ, చెత్తడబ్బాలు బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపుకోవడమే ఇద్దరి మధ్యా మిగిలింది.

మొన్న చలికాలంలో డేల్ అంకుల్ పోయారు.

నేనిప్పుడు యూనివర్సిటీలో తెలుగు క్లాసులో చేరాను. కొత్త మాట దొరికితే చాలు, పుస్తకంలో రాసుకుని నాలుగుసార్లు పైకి చదువుకుంటాను. ఇన్ని మాటలు పోగేసుకుంటూ, చెప్పాల్సిన ఆ ఒక్కటి మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను...

పోయిన వారం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఒకే గొట్టమా?"

"ఒకటే నాన్నా. నువ్వు ఫోన్ మాట్లాడి వచ్చాక..."

"రెండుసార్లు పడిందన్నమాట. ఏడవకు. పదేళ్ళ పిల్లకి ఆ పని అప్పగించింది నేను. కానీ... ఇంతేనని తెలిసుంటే వెళ్ళి చెప్పేవాణ్ణి తల్లీ. ఆయన అడిగింది అదొక్కటేగా."

ఇప్పుడు పక్కింటి ముందు అమ్మకం బోర్డు ఉంది. వీధిలో ఎవరి గరాజ్ తలుపూ తెరిచి ఉండడం లేదు...

మీరూ చిన్నప్పుడు ఏదైనా చూసి, చెప్పకుండా ఊరుకున్నారా? కామెంట్లో రాసేముందు, అది వినాల్సిన మనిషి ఇంకా ఉన్నారేమో చూడండి. ఉంటే ముందు వాళ్ళకి చెప్పండి... మాకు తర్వాత చెబుదురుగాని.