స్టామెన్ కొన్న రెండో దుర్భిణి

మా పక్కింటి స్టామెన్ గురించి నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది వాడికి కూడా తెలియదు. ముప్పై ఏళ్ళుగా మా రెండిళ్ళకీ మధ్య ఒకటే రాతిగోడ. ఏం వండుకున్నాడో వాసన పట్టి చెప్పేస్తాను, ఎవరి మీద కోపంగా ఉన్నాడో తలుపు వేసిన చప్పుడు బట్టి చెప్పేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. గనిలో మందు పెట్టి రాళ్ళు పేల్చే పని చేసి, ఎడమ చెవి వినికిడి అక్కడే వదిలేసి, చాలీచాలని పింఛనుతో ఈ స్ట్రాంజా కొండల్లోకి తిరిగొచ్చాడు. వాడి ఆస్తల్లా గార్వాన్ అనే నల్ల వేటకుక్క, తండ్రి తాలూకు పాత రైఫిల్, రకియా సారా కాచుకునే రాగి బాన.

పోయినేడు వేటకాలంలో జరిగింది ముందు చెప్పాలి. మా వేటగాళ్ళ జట్టులో ఒక కట్టుబాటుంది. అడవిపందిని గాయపరిచి వదిలినవాడే దాని నెత్తురు జాడ పట్టుకుని పొదల్లోకి వెళ్ళాలి. స్టామెన్ ఒక మగపందిని కాల్చాడు. తూటా దాని దవడకి తగిలింది. దవడ వేలాడేసుకుని అది ముళ్ళపొదలోకి పోయింది. వీడు వెనకే వెళ్ళాడు. వీడి స్నేహితుడు కోయ్చో, పిలవకపోయినా, తోడు వెళ్ళాడు. పంది పొదలోపల కదలకుండా నిలబడి ఉంది. స్టామెన్ని వదిలేసి కోయ్చో మీదికి వచ్చింది. మోకాలి దగ్గర మొదలెట్టి గజ్జలదాకా చీల్చేసింది. స్టామెన్ తన చొక్కా విప్పి గాయంలో కుక్కాడు, అది చాలక పిడికిలి పెట్టి అదిమాడు. బండి ఉన్న దారిదాకా మోసుకొచ్చేసరికి కోయ్చో ఒంట్లో చుక్క మిగల్లేదు. శవానికి స్నానం చేయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. తొడలో ఎముక తెల్లగా బయటపడి ఉంది. చూడొద్దని తక్కిన ఆడవాళ్ళంతా అన్నారు. చూశాను.

ఆ తర్వాత చాలా రోజులకి గోడ మీంచి అడిగాను. "ఒరేయ్, నువ్వు గురి తప్పేవాడివి కాదే?"

"గొట్టం చివర గురిపుల్ల రెండేళ్ళుగా బూజు పట్టినట్టు కనిపిస్తోంది రూసక్కా. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

నేను చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? జట్టు పెద్ద ద్రాగోయ్ మర్నాడే వచ్చి వాడి గుమ్మంలో నిలబడ్డాడు. "తుపాకీకి దుర్భిణి బిగించుకో. కాగితం మీద మూడు తూటాలూ నా అరచేయంత చోటులో పడాలి. లేదంటే తుపాకీ అమ్ముకో. ఇంకో పందిని గాయపరిచి వదిలావంటే ఇంకో మనిషిని పూడ్చాలి. ఆ గొయ్యి తవ్వడం నా వల్ల కాదు."

తుపాకీ అమ్మేస్తే స్టామెన్‌కి ఊళ్ళో ఇంకేం లేదు. చలికాలం మాంసం లేదు, శనివారం వేటలో తోడుండే మనుషుల్లేరు, మాట్లాడేందుకు నేనూ కుక్కా తప్ప దిక్కులేదు.

ఇక సారాకొట్టులో సలహాలు చూడాలి! కొట్టు నడిపే పెంచో అన్నాడు. "తొమ్మిది రెట్లు పెద్దగా చూపించేది కొనరా. పంది కనురెప్పలు లెక్కపెట్టొచ్చు."

"కనురెప్పలు లెక్కపెట్టి ఏం చేస్తాడు? పెళ్ళిచూపులా?" అన్నాను. అందరూ నవ్వారు కానీ నా మాట ఎవరూ వినలేదు. మా మగవాళ్ళకి అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిది.

సోమవారం సంతలో, మేజోళ్ళూ టార్చిలైట్లూ అమ్మే బండి మీద కొన్నాడు. నల్లగా నిగనిగలాడుతోంది. మీట నొక్కితే లోపల గీతలు ఎర్రగా వెలుగుతాయి, ఇంకోసారి నొక్కితే పచ్చగా. తొంభై లెవాలు, తుపాకీకి బిగించే పట్టీలు ఉచితం. వాడు దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని బస్సెక్కాడు.

రాళ్ళ క్వారీలో కాగితం అతికించి గురి సరిచూసుకోవడానికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, రొట్టె ఇచ్చే వంకతో. అద్దంలో పూర్తిగా కనబడాలంటే కన్ను దానికి దాదాపు ఆనించాలి. ఆనించాడు. పేల్చాడు. రైఫిల్ వెనక్కి తన్నింది. దుర్భిణి అంచు కనుబొమ్మలోకి దిగింది, గుండ్రటి బిళ్ళ కోసినట్టు. తోలు తెరుచుకుని నెత్తురు కంట్లోకి కారింది.

"ఆపరా!" అన్నాను.

"మూడు పేల్చాలి" అని రెండోది పేల్చాడు. ఉన్న గాయం మీదే ఇంకోసారి కొట్టింది. మూడోదానికి లోపలి గీతలే పక్కకి ఒరిగిపోయాయి. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక చిల్లు పై మూలన, ఒకటి కింది అంచున. మూడోది క్వారీలో ఎక్కడ పడిందో దేవుడికి తెలియాలి. స్టామెన్ ఆ దుర్భిణిని ఊడదీసి బండరాయికేసి కొట్టాడు. అద్దం పొడయ్యేదాకా కొట్టాడు. ముఖం నిండా నెత్తురు. కోయ్చో పేరు చెప్పి ఏడ్చాడు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు రాగి బాన అమ్మేశాడు. మా వైపు మనిషి ఆవునైనా అమ్ముతాడు గానీ రకియా బాన అమ్మడు. దాంతో వాడెంత భయపడుతున్నాడో ఊరికి అర్థమైంది.

ఈసారి వాణ్ణి ఒంటరిగా పంపలేదు. బుర్గాస్ పట్నంలో తుపాకులు బాగుచేసే మార్గిత అనే ఆవిడ దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. గోళ్ళ కింద నూనె మురికి, నోట్లో సిగరెట్టు. వీడి కనుబొమ్మ చూడగానే అంది. "సంతలో కొన్నావా?"

"ఆ. తొమ్మిది రెట్లది" అన్నాడు తల దించుకుని.

"ఎంత దూరంలో కాలుస్తావు?"

"నలభై అడుగులు. ఎక్కువంటే నూరు."

"మరి తొమ్మిది రెట్లెందుకయ్యా? ఆ దూరంలో పందిని అంత పెద్దగా చూస్తే వెంట్రుకలు తప్ప ఏం కనబడతాయి? తల ఎటుందో తోక ఎటుందో తెలుస్తుందా?"

బల్ల సొరుగులోంచి ఒక పాతది తీసింది. నాలుగే రెట్లు. రంగు రాలి లోహం బయటపడింది. నేను ముందు లాక్కుని కిటికీలోంచి చూశాను. కన్ను నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నా ఎదురింటి మాంసం కొట్టు మొత్తం కనబడింది. కొట్టువాడు చెవి గోక్కోవడం కూడా కనబడింది. "ఇదే తీసుకో" అన్నాను.

"మీరు వేటకెళ్తారా?" అంది మార్గిత.

"నేను అన్నిటికీ వెళ్తాను."

ఆవిడ దాన్ని బిగింపులో పెట్టి, అద్దంలోంచి ఒక పొగగొట్టం మీద గీత నిలిపి, చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టింది. గీత కదల్లేదు. అప్పుడు స్టామెన్ ముఖం విప్పారింది. కానీ పట్టీల దగ్గరికి వచ్చేసరికి రేకువి చాలన్నాడు. "రేకువి వేసుకుంటే ఇది అక్కడే వదిలేసి పో. అద్దం పాతదైనా ఫరవాలేదు, పట్టీలు మాత్రం ఉక్కువి" అని ఆవిడ సిగరెట్టు ఆర్పేసింది. ఉక్కువే వేయించాం. బాన డబ్బు అక్కడితో సరి. తిరుగు బస్సుకి నేనిచ్చాను.

క్వారీలో మూడు తూటాలూ ద్రాగోయ్ అరచేతి కిందకి వచ్చాయి. ఆయన కాగితం మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "శనివారం రా. నాలుగో మాటు దగ్గర నిలబడు" అన్నాడు.

శనివారం మంచు పొడిగా పడింది. మాటు వేసినవాళ్ళు గట్టు మీద చెట్ల వెనక నిలబడ్డారు. మేం ఏడుగురం కింద లోయలోంచి డబ్బాలు కొడుతూ, కేకలు పెడుతూ, వరసగా పైకి తోలుకొస్తున్నాం. తోలేవాళ్ళు వరస తప్పకూడదు. తుపాకీవాళ్ళు ఆ లెక్క మీదే కాలుస్తారు. నాకా లెక్క తెలుసు. కానీ ముందు పొదలో గార్వాన్ ఒక్కచోటే నిలబడి మొరుగుతోంది. అది దేన్ని పట్టుకుందో చూడాలనిపించింది. వరస వదిలి పైకి ఎక్కాను.

చూశాను. గాడిదంత పంది, వీపు మీద బురద గడ్డకట్టి ఉంది. గార్వాన్ దాని చెవి పట్టుకుని వేలాడుతోంది. పంది తల ఒక్కసారి విదిల్చింది. కుక్క గాల్లో తిరిగి చెట్టుకి కొట్టుకుని పడింది. కడుపు తెరుచుకుంది. లేచి, పేగులు ఈడ్చుకుంటూ, మళ్ళీ దాని మీదికే వెళ్ళింది. పంది దాన్ని నేలకేసి రెండుసార్లు కుమ్మింది. తర్వాత చప్పుడు లేదు.

గట్టు మీద ఓక్ చెట్టు పక్కన స్టామెన్ కనబడ్డాడు. తుపాకీ ఇటే ఎక్కుపెట్టి ఉంది. మా ఇద్దరికీ సరిగ్గా మధ్యలో పంది. కాల్చడు!

"కాల్చరా! పీనుగా, కాల్చు!" అని అరిచాను. "కళ్ళు పోయాయా నీకు? కాల్చు!"

పంది నన్ను వదిలి వాడి వైపు ఉరికింది. ముప్పై అడుగులు, ఇరవై. కాల్చలేదు. పది. అది ఓక్ చెట్టు పక్కనుంచి మాటు వరస దాటి వాడి వెనక్కి పోయింది. అప్పుడు గిరుక్కున తిరిగి కాల్చాడు. భుజం వెనక తగిలింది. ముందుకాళ్ళు మడిచి బోర్లా పడి, లేచి, పొదల్లోకి పోకుండా వెనక్కి తిరిగి వాడి మీదికి వచ్చింది. బోల్టు లాగి రెండోది మెడలోకి పేల్చాడు. అది ఆగలేదు. వాణ్ణి పడగొట్టి కాళ్ళ మీద పడింది. కోర బూటు చీల్చి పిక్కలో దిగింది. స్టామెన్ నడుములో కత్తి తీసి దాని చంక కిందికి పిడిదాకా పొడిచాడు, తీసి మళ్ళీ పొడిచాడు, మళ్ళీ పొడిచాడు. అది తన్నుకోవడం ఆగాక కూడా పొడుస్తున్నాడు. ద్రాగోయ్ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "చచ్చిందిరా. చచ్చింది."

పందిని వాడి మీంచి లాగారు. నేను రొప్పుతూ వచ్చి పడ్డాను. "వెధవా, ఇరవై అడుగుల్లో ఉంటే ఎందుకు కాల్చలేదు? చచ్చేవాడివి కదరా!"

వాడు కుడిచెవి నా వైపు తిప్పాడు. "ఎర్రగుడ్డ కనబడింది రూసక్కా."

"ఏ ఎర్రగుడ్డ?"

"నీ తలకి కట్టుకున్నది. పంది వీపు మీదుగా. గీత సరిగ్గా నీ నోటి మీద నిలిచింది. ఏదో తిడుతున్నావు, వినబడలేదు."

నేను చేత్తో నోరు తడిమి చూసుకున్నాను. ద్రాగోయ్ నా వైపు చూసిన చూపు చెప్పను. "పాత గురిపుల్లతో అయితే నీకేం కనబడేదిరా?" అని వాణ్ణి అడిగాడు.

"పంది" అన్నాడు స్టామెన్. "ఒట్టి నల్లటి పంది."

నేను గుడ్డ విప్పి వాడి పిక్కకి కట్టాను. ముడి రెండుసార్లు జారింది. వాడు లేవబోతే వద్దన్నారు. అయినా కుంటుకుంటూ గార్వాన్ దగ్గరికి వెళ్ళి, బయటికొచ్చినవన్నీ చేత్తో ఎత్తి దాని కడుపులో పెట్టి, తన కోటు విప్పి చుట్టాడు. ద్రాగోయ్ బండిలోంచి తన పార తెచ్చి వాడి పక్కన నేలలో గుచ్చాడు.

"పైశనివారం కూడా నాలుగో మాటు నీదే. ఇప్పుడు పక్కకి జరుగు, నేను తవ్వుతాను" అన్నాడు.