ముద్దబంతి నారు, మా అమ్మ చేయి

మాన్యులైన మిత్రులకు, నన్ను ఎరుగని పాఠకులకు కూడా, నమస్కారములు. తేదీ వేయలేదు, ఊరి పేరు రాయలేదు. మరచిపోయి కాదు... మా అమ్మను నిందించిన ఇంటి మనుమలు, మనుమరాండ్రు ఇప్పటికీ అక్కడే కాపురం ఉన్నారు గనుక. జీవితమంతా వ్యాకరణం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా వాక్యంలో తప్పు దొరకదు. విషయంలోనూ దొరకదు.

మా చిన్నప్పుడు... వాన కురిసి నేల పదునెక్కిందంటే మా గడప ముందు ఎవరో ఒకరు నిలబడేవారు.

"నరసక్కా, రామ్మా... మొదటి గింజ నీ సేత్తో ఏసిపో."

నరసమ్మ మా అమ్మ. కూలి మనిషి. నాన్న అప్పటికే లేడు. పొలం లేదు, నగ లేదు... 'చేయి మంచిది' అన్న పేరు మాత్రం ఉండేది. ఆమె మొదటి గింజ వేస్తే పంట నిలుస్తుందని పెద్దకడుబూరు వైపు పల్లెల్లో నమ్మకం. పసుపునీళ్లతో ఆమె చేయి కడిగి, ఒడిలో ఇన్ని జొన్నలు పోసి పంపేవారు. ఆ పూట మా అమ్మ నడకే వేరుగా ఉండేది.

ఆ పేరు ఒక దసరాకు పోయింది.

ఆదోనిలో ఆయుధపూజకు పత్తి జిన్నింగు మిల్లుల యంత్రాలకు బంతిపూల దండలు వేస్తారు. దానికి బరువైన ముద్దబంతి కావాలి. ఒంటిపొర రేకబంతి సాయంత్రానికే రాలి బోసిపోతుంది. మా ఊరి తోట ఆసామి వీరన్న ఒక మిల్లుకు పూలిస్తానని మాట ఇచ్చాడు. ముందటి ఏడు పిడికిలంత పూచిన నారింజరంగు ముద్దపూలనే ఏరి, ఎండబెట్టి, విత్తనానికి దాచుకున్నాడు. గొప్ప పూవు గింజ గొప్ప పూవునే ఇస్తుందనుకున్నాడు... మా వైపు అందరూ అలాగే అనుకునేవారు. ఆ గింజలతో నారు పోయడానికి మా అమ్మను పిలిచాడు.

మొగ్గలు విచ్చుకునేసరికి తోట నిండా కలగాపులగం... ముద్దబంతి పక్కన రేకబంతి, నారింజ పక్కన నిమ్మపండు పసుపు.

మిల్లు మనిషి వచ్చి ఒక పూవు తుంచి చూశాడు. "ఏమప్పా వీరన్నా, మిషనుకు దండ అడిగితే మేకకు మేత సూపిస్తాండావే!" నందవరం వైపు తోటలు చూసుకుంటానని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వును వీరన్న మింగలేకపోయాడు. మా అమ్మ మీద కక్కాడు.

"నా ఇత్తనం యాడ దాసినావు? ఈ పాడు ఇత్తనం యాడిది? సెప్పు!"

"నీవు ఇచ్చిందే ఏసినానన్నా... నా బిడ్డ మీద ఒట్టు."

"ఆ సీమిడి ముక్కోని మీద ఒట్టా? యాడైనా సెల్లుతాదా అది?" అన్నది వీరన్న భార్య. చుట్టూ ఉన్న కూలీలు కూడా నవ్వారు. ఆ ముక్కు నాదే.

వీరన్న భార్య రేకబంతి పూలు కోయించి దండ గుచ్చించింది. మా అమ్మ మెడలో వేయించి, వీధిలో నడిపించింది.

"నరసమ్మ సేయి సూసుకోండి! మీ సేన్లలోకి రానిస్తే మీ కర్మ!"

నిన్నటిదాకా పిలిచిన గడపలే బయటికి వచ్చి చూశాయి. "మంచి సేయి పోతాండాది, పక్కకు జరగండప్పా!" అని అరుగు మీద నుంచి ఒక ముసలాయన. పిల్లలు దండలోని పూలు పీకి ఆమె ముఖానికే కొట్టారు... నాతో బిళ్లంగోడు ఆడే పిల్లలే. దండ తీయబోయి మా అమ్మ చేయి పైకెత్తితే, వీరన్న కర్రతో ఆ చేతి మీదే కొట్టాడు.

మరుసటి ఏడు వీరన్న భార్య తానే గింజలు ఏరి, తానే నారు పోసింది. మళ్లీ అదే కలగాపులగం. అప్పుడైనా తెలుసుకున్నారా? లేదు...

"దాని కన్ను ఇంగా ఈ తోట మీదనే ఉండాది" అన్నది.

తోట దారిలో మా అమ్మ నడవరాదని కట్టడి చేశారు. మంచినీళ్ల బావికి ఆ దారే ఉండేది.

ఎమ్మిగనూరు చేరుకున్నాం. మగ్గాల ఇండ్లలో నూలు కండెలు చుట్టి నన్ను చదివించింది. ఆ తర్వాత మట్టిలో ఒక గింజ వేయలేదు... పెరట్లో కొత్తిమీర కూడా.

నేను ఉపాధ్యాయుణ్ణి అయ్యాక, మా బడి జీవశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకనాడు బంతిపూవును విప్పి చూపించాడు. బంతి ఒక పూవు కాదు, ఒకే తొడిమ మీద కూర్చున్న పూల గుంపు. నడుమ గొట్టాల్లా ఉండవలసిన చిన్నపూలు కూడా రేకుల్లా సాగితే అది ముద్దబంతి. అలా సాగించేది జన్యువు. అది మొక్కలో జంటగా ఉంటుంది. జంటలో ఒక్కటి ముద్దగుణమైతే చాలు, పూవు ముద్దగానే పూస్తుంది. రెండవది రేకగుణమైనా పైకి కనబడదు. అటువంటి రెండు మొక్కల పుప్పొడిని తేనెటీగ కలిపితే, దాగిన రెండూ ఒకే గింజలో చేరవచ్చు. ఆ గింజ రేకబంతి అవుతుంది. రంగులూ ఇలాగే దాగి ఉండి బయటపడతాయి.

ఇంటికి పరుగెత్తుకొచ్చి మా అమ్మకు చెప్పాను. కండె చుట్టడం ఆపకుండానే విన్నది.

"అయితే నా సేతిలో సెడు లేదంటావా?"

"లేదమ్మా. గింజలోనే ఉంది అంతా."

"అట్లైతే మంచి గూడా లేదు గదప్పా... ముందు పండిన పంటలు కూడా నావి కావా?"

 ఆమె దారం తెగితే ముడి వేసుకుని మళ్లీ చుట్టసాగింది. పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఏటా కొత్త ప్యాకెట్టు కొంటున్నారు. నారు నర్సరీ నుంచి ట్రేలలో వస్తున్నది. పూవు తేడా వస్తే దుకాణం ముందు అరుస్తున్నారు. మొదటి గింజకు మాత్రం ఎవరినీ ఇంటికి వచ్చి పిలవడం లేదు... నింద పోయింది, పిలుపూ పోయింది.

మీ ఊళ్లలో ఇలా పేరు పోగొట్టుకున్నవాళ్లు ఉంటే రాయండి. వాళ్ల పేరుతో సహా రాయండి.

మా ఊరివారి కంటబడితే దీన్ని మనసులో చదువుకోవద్దని మనవి. ఆనాడు ఆమె పేరును వీధిలో అరిచారు. ఈ ఉత్తరాన్ని కూడా ఆ వీధిలోనే, తలుపులన్నీ తెరిపించి, గట్టిగా చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.