వడగాలి ఇంజను

ఈ సంగతి ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెట్టకపోతే లాభం లేదని మొన్న మా చిన్నమామ మనవరాలి పెళ్ళిలో తేలిపోయింది. బంతిలో నా పక్కన కూర్చున్న కుర్రవాడొకడు, నేనెవరో తెలియక, "సోమందేపల్లెలో మా తాత వరస ఆయన ఒగాయన ఇంజను చేసినాడంట, అది పేలి కొట్టం కాలిపోయిందంట, బర్రె తాడు తెంపుకొని పెనుకొండ దాకా పరిగెత్తిందంట" అని నాకే చెప్పాడు. పప్పు కలుపుకుంటూ అంతా విన్నాను. పెళ్ళి భోజనాల్లో వాదించకూడదు కాబట్టి ఊరుకున్నాను గానీ, ఇక్కడ చెబుతున్నాను. అది పేలలేదు. కొట్టం కాలలేదు. బర్రె అయితే ఆ రోజు ఎంతో సంతోషంగా ఉంది (ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది). నిజంగా జరిగింది ఇంతకంటే చిన్నది, నా మటుకు ఇంతకంటే చాలా పెద్దది.

ఆ రోజుల్లో మా వైపు ఇంజను అనే మాటకు రెండే అర్థాలు ఉండేవి. ఒకటి, రైలును లాగేది. రెండోది, బావిలోంచి నీళ్ళు తోడేది. మూడో రకం కూడా ఉంటుందని ఊళ్ళో నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే లైబ్రరీకి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే. స్కూలు ఫైనలు కాగానే మా నాయన నన్ను అంగడిలో కూర్చోబెట్టాడు. కాలేజీ అనంతపురంలో ఉంది, అంగడి ఇంటి ముందరే ఉంది, ఇందులో ఆలోచించేది ఏముంది అని ఆయన లెక్క. కాబట్టి నా కాలేజీని నేనే ఏర్పాటు చేసుకున్నాను. బెల్లం బాగాలేదనో, సీకాయ అయిపోయిందనో చెప్పి సైకిలెక్కి పెనుకొండ పోవడం, అక్కడ సరుకు కట్టించుకుని, ఆ మూట లైబ్రరీ అరుగు మీద పెట్టి లోపల కూర్చోవడం. అక్కడి గ్రంథపాలకుడిని అందరూ కళ్ళజోడు అయ్యవారు అనేవాళ్ళు. "బెల్లం చేత్తో పుస్తకం ముట్టొద్దు నాయనా, చీమలు కూడా చదవనీకొస్తాయి" అనేవాడు. అట్టలు ఊడిపోయిన, ఎవరూ అడగని ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నా చేతికిచ్చి, "ఇది నీకోసమే ఉండాదేమో చూడు" అన్నది కూడా ఆయనే.

అందులో ఉంది ఆ బొమ్మ. నిఘంటువును గల్లాపెట్టె కింద దాచుకుని, వక్కలు తూయించుకునేవాళ్ళకీ కిరసనాయిలు పోయించుకునేవాళ్ళకీ మధ్య నెలల తరబడి చదివి అర్థం చేసుకున్నాను. మూసిన డబ్బాలో గాలి ఉంటుంది. అడుగున మంట పెడితే ఉబ్బుతుంది, పైన చల్లదనం తగిలితే ముడుచుకుంటుంది. ఆ ఉబ్బడంలో, ముడుచుకోవడంలో ఉండే బలంతో ఒక చక్రం తిరుగుతుంది. ఆవిరి అక్కర్లేదు, ఆయిలు అక్కర్లేదు. ఇంత చిన్న విషయం మా తాలూకాలో ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్ళూ ఎలా గడిచిందా అని నాకు జాలేసింది. (ఆ వయసులో నాకు చాలామంది మీద జాలి ఉండేది.)

మా పెరట్లో కట్టెలు వేసుకునే కొట్టం నా కార్ఖానా అయింది. పెద్ద డబ్బా మా వదినది. కొత్తగా కాపురానికి వచ్చిన ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న పౌడరు డబ్బా అది. "డబ్బాతో ఏమి పని, పౌడరు నా ముఖానికి గదా కావాల్సింది" అని పౌడరంతా కాగితంలో పొట్లం కట్టుకుని నాకిచ్చేసింది. పొట్లం ఊరికే ఊడిపోయేది కాబట్టి కొన్నాళ్ళపాటు మా ఇంట్లో చింతపండు పులుసు కూడా గులాబీ వాసన వచ్చింది. చక్రాన్ని తిప్పే చిన్న గొట్టం, సూది విరిగిపోయిన గాజు సిరంజి. దాన్నిచ్చింది సూది కాంపౌండరు. ఇరుసుకు సైకిలు చువ్వ. చక్రానికి మాత్రం గుండ్రంగా, సరిసమానంగా ఉన్న ఇత్తడి మూత ఒకటి దొరికింది. ఎక్కడ దొరికిందో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అతుకులు పెట్టింది కళాయి అన్న. ఇంటింటికీ తిరిగి ఇత్తడి పాత్రలకు కళాయి పూసే సాయిబు, మా వీధి చివరే ఇల్లు. నేను పెద్ద డబ్బాలో ఇమిడే చిన్న డబ్బాను చూపించి, నిఘంటువు సాయంతో నేనే కట్టుకున్న మాటను గంభీరంగా చెప్పాను.

"ఇది స్థానభ్రంశకం అన్నా."

"ఏమి బ్రంశం?"

"లోపల పైకీ కిందికీ పోతాది. గాలిని ఆడ నుంచి ఈడికి, ఈడ నుంచి ఆడికి తోస్తాంటాది."

"తను ఏమి పని చేస్తాది మరి?"

"తను ఏమీ చేయదు. తోస్తాదంతే."

కళాయి అన్న చిన్న డబ్బాను చేతిలో తిప్పి చూశాడు. "అంటే గుమాస్తా అను. ఆఫీసుకు పోతే మనల్ని ఆ బల్ల కాడికి పో, ఈ బల్ల కాడికి పో అంటాడు సూడు, ఆయప్పే ఈయప్ప. అంత కష్టమైన పేరెందుకప్పా దానికి?"

అప్పటినుంచి అది గుమాస్తా అయింది. మొదటిసారి మంట పెట్టగానే టంకం కరిగిపోయి అడుగు ఊడింది, గుమాస్తా నిప్పుల్లో పడ్డాడు. "నిప్పు మీద పెడతావని నాకు చెప్పినావా?" అని కళాయి అన్న నన్ను, "వేడి చేయకుండా ఇంజను ఎట్ల తిరుగుతాదన్నా?" అని నేను ఆయన్ను తిట్టుకున్నాం. రెండోసారి టంకం లేకుండా రేకు మడిచి గట్టిగా కొట్టాడు. చక్రంగా పెట్టిన మూతకు బరువు చాలదంటే చుట్టూ సీసం పోసి ఇచ్చాడు.

ఈ లోపల మా నాయన కంట పడింది. నేను గుమాస్తాను అరగదీస్తూ ఉంటే అంగడిలో ఎవరో పెసలకు బదులు అలసందలు కట్టించుకుపోయారట. ఆయన కొట్టం గుమ్మంలో నిలబడి, "సరే, వానలు పడేలోపల ఇది తిరగల్ల" అన్నాడు. అని, మా జిల్లాలో ఆ గడువుకు అర్థం లేదని ఆయనకే తట్టి, "వాన సంగతి దేవునికెరక. ఏరువాక పున్నమి లోపల తిరిగితే నీ ఇష్టం. తిరక్కపోతే ఈ రేకులు పాత ఇనుమోనికి, ఆ పుస్తకం లైబ్రరీకి, నువ్వు గల్లా కాడికి. ఇంగ పెనుకొండ లేదు, పుస్తకాల్లేవు" అన్నాడు. మా నాయన అరిచే మనిషి కాదు. మెల్లగా చెప్పాడంటే అది జరిగి తీరుతుంది.  రేకులు పోతే పోనీ, పెనుకొండ లేకపోతే నాకు మిగిలేది అలసందలే.

సరిగ్గా అప్పుడే ఏటవతల పల్లెలో సేద్యం చేసే మా చిన్నమామ, ఎండన పడి నెత్తిన తువ్వాలుతో వచ్చాడు. "ఏమి చేస్తాండావురా అల్లుడా?" అన్నాడు.

"వేడిగాలి ఇంజను మామా."

"ఏమీ? వడగాలి ఇంజనా!"

"వడగాలి కాదు మామా, వేడిగాలి."

"రెండూ ఒగటే గదరా! మనకు గాలి వేడిగా కాక చల్లగా ఎప్పుడు తోలింది?" మామ తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని నా డబ్బా ముందు గొంతుకూర్చున్నాడు. "కిరసనాయిలు వద్దు?" "వద్దు మామా." "ఎద్దులు వద్దు?" "ఎద్దులెందుకు మామా, గాలితోనే..." అంతవరకే విన్నాడు. ఇది నీళ్ళు తోడేది కాదు, మూడో రకం అని నేను చెప్పబోయేసరికి ఆయన ఏరు దాటేశాడు. మా సీమలో కరువు లేనిది ఒక్క వడగాలికే గదా. దాంతోనే నీళ్ళు తోడితే ఇక కావలసిందేముంది? మా అల్లుడు లైబ్రరీ అంతా చదివి కనిపెట్టినాడు అని రచ్చకట్ట మీద చెప్పేశాడు. ఆ యేడు బావులు అడుగంటి ఉన్నాయి. అందరూ నమ్మారు.

ఒక తెల్లవారుజామున ఇంజను నిజంగానే కాసేపు తిరిగింది. రేపు పొద్దున్నే చూపిస్తానని మా నాయనతో చెప్పాను. కళాయి అన్నకు చెప్పాను, కళాయి అన్న వీధికి చెప్పాడు, వీధి నుంచి ఆ మాట ఏరు దాటింది. మరునాడు నేను డబ్బా తుడుచుకుని సిద్ధంగా ఉండగా రెండు ఎద్దులబండ్లు వచ్చి ఆగాయి. బండ్ల నిండా రైతులు, ముందర మా చిన్నమామ.

"మామా, చల్లపొద్దులోనే చూపిస్తా" అన్నాను.

"నీకేమన్నా తిక్కనా? వడగాలి లేయకుండానే ఎట్ల తిరుగుతాది? మధ్యాహ్నం కానీ!"

అందరికీ అదే సబబుగా తోచింది. మా నాయనకు కూడా. సరే, మిట్టమధ్యాహ్నం పెరడంతా జనం. నేను పుస్తకంలో చదివిన నాలుగు ముక్కలూ ఉపన్యాసంగా చెప్పి డబ్బా కింద దీపం వెలిగించాను. వడగాలి వచ్చి దీపం ఆర్పేసింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆర్పేసింది. "దీపమెందుకురా? గాలికి అడ్డం తొలగు!" అని మామ కసిరాడు. కళాయి అన్న చేట అడ్డం పెట్టాడు. మంట నిలిచింది. చక్రాన్ని వేలితో తోశాను. రెండు చుట్లు తిరిగి, ఆలోచనలో పడినట్టు ఆగిపోయింది. మళ్ళీ తోశాను. ఆగిపోయింది.

"గుమాస్తా సెలవు పెట్టినాడా ఏమి?" అన్నాడు కళాయి అన్న నా చెవిలో.  మా నాయన కొట్టంలోని రేకుల వైపు ఒకసారి చూశాడు. పాత ఇనుములో అవి ఎంత తూగుతాయో ఆయన అంచనా వేస్తున్నాడని నాకు తెలిసిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. మంట, మంట అని మంట గురించే చదివాను గానీ, ఒక వైపు వేడి ఎంత ముఖ్యమో ఇంకో వైపు చల్లదనం అంత ముఖ్యమని ఆ పుస్తకం పేజీపేజీకీ మొత్తుకుంది. ఆ పుస్తకం రాసినాయన ఊళ్ళో చల్లదనానికి కొదవ ఉండదు, అందుకే అది అంత తేలికగా రాశాడు. డబ్బా పైభాగాన చుట్టూ నీళ్ళు పోయడానికి రేకు తొట్టి ఉంది. అందులో నేను పోసిన చారెడు నీళ్ళు సలసల కాగుతున్నాయి. ఇంజనుకు కావలసింది వడగాలి కాదు, చల్లని నీళ్ళు.

"అవ్వా, కడవలో నీళ్ళు..." అన్నాను.

కడవకు అడ్డంగా కూర్చున్న మా అవ్వ కదలలేదు. "తాగనీకి లేకుంటే నీ డబ్బాకు నీళ్ళా? గొంతు పిసికినా ఇయ్యను."

బండి మీద వచ్చిన ఒక పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నీ పాసుగూల! ఇంజను నీళ్ళిస్తాదని చూడనీకొస్తే, మన నీళ్ళే అడగబట్టె!" పెరడంతా ఒక్కసారి గొల్లుమంది. పాపం మా చిన్నమామ! ఆ నవ్వు ఆయన మీదికే పోయింది. కానీ ఆయన చెక్కుచెదరలేదు. "నగొద్దండప్పా. ఇది ఇంగా చిన్నది గదా. పసిబిడ్డ తాగుతాదా, ఇస్తాదా? పెద్దదైతే ఇస్తాది!" అన్నాడు.

ఆ నవ్వుల మధ్యనే బిందెల అక్క వచ్చింది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, నీళ్ళు ఊరినంత తోడుకుని, వీధిలో నడిచిపోతూ ఏమి గలాటా అని మా పెరట్లోకి తొంగిచూసిన మనిషి. చంకలో బిందె అలాగే ఉంది. విషయం ఎవరో చెప్పారు. "ఇంతేనా? పట్టు" అని చెంబు ముంచి తొట్టిలో పోసింది. చుయ్యిమంది. ఇంకో చెంబు. నేను చక్రం తోశాను. తిరిగింది. ఆగుతుందనే అనుకున్నాం అందరం. ఆగలేదు.

"పోయక్కా, ఇంగా పోయక్కా!" అని కళాయి అన్న అరిచాడు. బిందెల అక్క పోస్తూనే ఉంది. తొట్టి పొర్లుతూ ఉంటే మా వదిన కింద గంగాళం పెట్టింది. అప్పుడు లేచింది మా అవ్వ. కడవ ఎత్తుకుని వచ్చి, "జరుగమ్మా, నీ ఇంట్లో పిల్లోల్లు లేరా, ఇంగ మా ఇంటివి పోయనీ" అని తన చేత్తో పోయసాగింది. పోస్తూ పోస్తూ కళ్ళు చికిలించి చక్రం వైపు చూసింది.

"ఒరే, అది నా వక్కాకు డబ్బా మూత గదరా! పిల్లి ఎత్తకపోయిందని దాన్ని ఎన్ని తిట్లు తిట్టినాను!"

"తీసిచ్చేదా అవ్వా?"

"ఉండనీ ఉండనీ. తిరిగేది అయినంక తీసుకుంటా."

మధ్యాహ్నమంతా తిరిగింది. రైతులు ఒక్కొక్కరే లేచి చెంబుతో పోశారు, పోసి పక్కకు జరిగి చక్రం వైపు అదేదో తాము చేసినట్టే చూశారు. నవ్విన పెద్దాయన రెండుసార్లు పోశాడు. గంగాళంలో చేరిన నీళ్ళను బర్రె ముందు పెడితే, ఆ యేడు మొదటిసారి కడుపు నిండా తాగి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు ఇంజను వైపు చూసింది.

అందరూ పోయాక మా నాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఇది ఏమి పని చేస్తాది?" అన్నాడు. "తిరుగుతాది నాయనా." "తిరిగి?" "తిరుగుతాదంతే." ఆయన చాలాసేపు చూశాడు. అమ్మకానికి పనికిరాని వస్తువును మా నాయన అంతసేపు చూడటం నేనెప్పుడూ ఎరగను. తరువాత మెల్లగానే అన్నాడు. "ఇంగ బెల్లం బాగాలేదని చెప్పొద్దు. మన బెల్లం బాగుంటాది. లైబ్రరీకి పోతాండా అని చెప్పి పో."

ఆ మాట మీద నేను బతికాను. ఆ తరువాత చదివిన ప్రతి పుస్తకం ఆ మధ్యాహ్నానికి బాకీ. ఇప్పుడు తలుచుకుంటే, చొక్కా నిండా మసితో, రెండు బండ్ల జనం ముందు ఉపన్యాసమిచ్చిన ఆ కుర్రవాడిని చూసి నాకు నవ్వు వస్తుంది. అంత తెలివి నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పుస్తకాన్ని నాకోసమే ఉంచిన కళ్ళజోడు అయ్యవారికి. ముఖం కంటే డబ్బా పెద్దది కాదనుకున్న వదినకు. ఎందుకని అడగకుండా సిరంజి ఇచ్చిన సూది కాంపౌండరుకు. గుమాస్తాను రెండుసార్లు పుట్టించిన కళాయి అన్నకు. మూతకు, కడవకు, చివరకు నాకు కూడా కాపలా కాసిన అవ్వకు. ఒక్క మాట తప్పు విని ఊరందరినీ నా పెరట్లోకి తోలుకొచ్చిన చిన్నమామకు. ఆయన సరిగ్గా వినుంటే ఆ రోజు నా దగ్గర నీళ్ళు పోసేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మెల్లగా మాట్లాడిన మా నాయనకు.

బిందెల అక్క ఆ రోజు ఖాళీ బిందెతో మళ్ళీ ఏటి దారి పట్టింది. నేను వెంట పరుగెత్తి ఏదో చెప్పబోతే, "తిరిగింది గదా, పో, పోయి చూసుకో" అంది. ఆమె సొంత పేరేమిటో వీధిలో ఎవరూ అనగా నేను వినలేదు. అందుకని అందరూ పిలిచిన పేరుతోనే: బిందెల అక్కా, నీకు.