సోములమ్మ ఏరిన కొడిసె మొక్కలు

అనంతగిరి దిగువన ఒక నర్సరీలో సోములమ్మ పదకొండేళ్ళుగా కొడిసె మొక్కలు పెంచుతోంది. చుక్క నీరు లేని రాళ్ళగుట్ట మీద కూడా బతికే పొద అది. దాని బెరడు విపరీతమైన చేదు. జిగట విరేచనాలకు కషాయం కాచి తాగుతారు. ఏటా గుట్టెక్కి విత్తనం తనే తెచ్చేది. పోయినేడు మాత్రం మోకాలు వాచి కదల్లేకపోయింది. నర్సరీ చూసుకునే రవిబాబు సంతలో విత్తనాల మూట కొనుక్కొచ్చాడు.

ప్లాస్టిక్ సంచుల్లో విత్తనాలు మొలిచి, మొక్కలు జానెడెత్తు పెరిగాయి. కలుపు తీస్తుంటే సోములమ్మకి అనుమానం వచ్చింది.

“బాబూ, ఇందల అంకుడు కలిసిపోనాది.” అంకుడు కొడిసెలాగే కనిపించే వేరే మొక్క, విరేచనాల మందుకు పనికిరాదు.

రవిబాబు ఫోనుతో ఆకుని ఫొటో తీశాడు. “కొడిసే అంటంది ఈ ఫోను. తుంపితే పాలు కారతన్నాయి కదా?”

“రెండిటికీ కారతాయి బాబూ. మందుకని తాగీవోలికి అంకుడెట్టి పంపుతామేటి?”

సీతంపేటలోని మందుమొక్కల తోటకు లారీ నాలుగు రోజుల్లో బయల్దేరాలి. మొక్కలేమో రెండు వేలు. సోములమ్మ ఒక్కో మొక్క నుంచి ఆకు తుంపి, నలిపి, ఆ సంచిలోని మట్టి మీదే పెట్టుకుంటూ పోయింది. అంకుడాకు ఆరితే నల్లబడుతుంది. రెండు రోజులు నడుం వంచే ఉంది. లేచి నిలబడాలంటే నీడవల కట్టిన గుంజ పట్టుకోవాల్సి వచ్చేది. పాలు అంటి వేళ్ళు జిగురుగా అతుక్కునేవి. కడిగినా పోలేదు.

మూడో రోజుకి సగానికి పైగా సంచుల్లో ఆకులు నల్లగా కనిపించాయి. రవిబాబు వరస మొదట్లో నిలబడి నల్లాకుల సంచులు లెక్కపెట్టాడు.

“లారీ వచ్చేత్తంది. ఇప్పుడేటి సేద్దామంటావు?”

“ఉన్న కొడిసె మొక్కలే పంపండి. మిగతావి తర్వాత ఇత్తామని సెప్పండి.”

అతను ఫోనులో తోటవాళ్ళ చేత నాలుగు మాటలు పడి, ఉన్నవే పంపాడు.

కాయలు ముదిరే మాసం రాగానే సోములమ్మ కర్ర పట్టుకుని గుట్టెక్కింది. మోకాలు ఇంకా సలుపుతూనే ఉంది. రెండుచోట్ల కూర్చుంది. ఈసారి గోనెసంచి భుజాన వేసుకుని రవిబాబు కూడా వచ్చాడు. ఆమె ఒక కొమ్మని వంచి చూపించింది.

“కాయలు జంటగా ఏలాడతాయి. కొసలు అంటుకుని ఉంటే అంకుడు. ఇడిగా ఉంటే కొడిసె. గురుతెట్టుకోండి. వచ్చే ఏడు నానెక్కలేను.”

అతను తలూపి, కాయలు తెంపడం మొదలుపెట్టాడు. సోములమ్మ బండ మీద కాళ్ళు చాపుకుని, తప్పు కాయ తెంపినప్పుడల్లా “అది కాదు బాబూ” అంటూ కూర్చుంది.