ఆనియెల్లో గొంతు

నేపుల్స్ నాటకశాలల్లో ఆనియెల్లో మొహం గుర్తులేనివాళ్లు కూడా అతని గొంతును తెర లేవకముందే గుర్తుపట్టేవారు. బొంగురు గొంతు, చివర్లో కాస్త చీలేది.

రోము సినిమాలకు మాత్రం అతని మొహం ఒక్కటే కావాలి. పోలీసు, పాదిరి, హోటల్లో వడ్డించేవాడు. వచ్చి రెండు ముక్కలు చెప్పి పోవాలి. షూటింగులో మాటలు ఎవరూ రికార్డు చేసేవారు కాదు. తర్వాత డబ్బింగులో వేరేవాళ్లు చెప్పేవారు. అందుకని ఆనియెల్లో కెమెరా ముందు మాటలకు బదులు అంకెలు చదివేవాడు. కోపంగా ఒకటి, రెండు. ఏడుస్తూ పదకొండు, పన్నెండు. అక్కడ చాలామంది చేసే పనే.

తెర మీద తన నోట్లోంచి ఎవరిదో నున్నటి గొంతు వచ్చేది.

"ఏం ఆనియెల్లో, రోము నీళ్లు పడ్డట్టున్నాయే! గొంతు బాగుపడింది," అనేవారు వీధిలోవాళ్లు.

అతనూ నవ్వేవాడు. చచ్చేలోగా ఒక్క సినిమాలోనైనా తన గొంతు వినబడాలని భార్య నున్జియాతో మాత్రం అనేవాడు.

యాభై దాటాక ఆ అవకాశం వచ్చింది. శవపేటికలు చేసే వడ్రంగి వేషం.

"ఈసారి డబ్బింగు మీరే చెప్పాలి. సెట్లో అంకెలొద్దు, అసలు మాటలే పలకండి," అన్నాడు దర్శకుడు.

షూటింగు అయిపోయింది. డబ్బింగు గదిలో బొమ్మ పడింది. ఆనియెల్లో నోరు తెరిచి, మూసుకున్నాడు. తెర మీద తన పెదవులు అంకెలు చదువుతున్నాయి. షూటింగులో దీపాలు వెలగగానే అలవాటు అతన్ని లాక్కుపోయింది. సెట్లో సుత్తుల మోతలో ఎవరికీ వినబడలేదు. తనకే తెలియలేదు.

దర్శకుడు తల పట్టుకున్నాడు. "మీ మొహమే చూస్తూ ఉండిపోయాను నేను. ఇక లాభం లేదు. ఒత్తోరీనోను పిలవండి."

ఇన్నేళ్లూ తన నోటితో మాట్లాడిన మనిషిని ఆనియెల్లో అప్పుడే చూశాడు. పొట్టివాడు, బట్టతల, మెడకు ఉన్ని మఫ్లరు.

"మీరేనా నేను?"

"మీ పదిహేడుతో చచ్చిపోతున్నానండీ," అన్నాడు ఒత్తోరీనో. "ఏ మాట పెట్టినా ఇమడదు."

"అంకెలని మీకు తెలుసా?"

"తెలియకేం! కోపమొస్తే గబగబా చదువుతారు. అబద్ధమాడే సీనైతే మధ్యలో ఒకటో రెండో మింగేస్తారు."

ఆ సంగతి ఆనియెల్లోకే తెలియదు.

ఒత్తోరీనో బొమ్మను మళ్లీ వేయించుకుని చూశాడు. ఒకచోట ఆపమన్నాడు. శవపేటిక చేయించుకోవడానికి ఒకావిడ వచ్చింది, వడ్రంగి చెక్క అందుకోవడానికి గోడవైపు తిరిగాడు.

"ఇక్కడ మీ పెదవులు కనబడవు. ఈ మాట మీరు చెప్పండి. మిగతావి నేను చూసుకుంటా."

"కొలతలు తర్వాత. ముందు కూర్చో తల్లీ," అన్నాడు ఆనియెల్లో, మైకులో.

మళ్లీ చెప్పమని ఎవరూ అనలేదు.

నేపుల్స్‌లో ఆ బొమ్మ చూస్తూ నున్జియా అతని మోచెయ్యి పట్టుకుంది. "ఇదిగో, ఇది నువ్వే!"

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు."

ఆ తర్వాత ఏ సినిమాకి పిలిచినా అతను వేషం గురించి అడిగేవాడు కాదు. సీను వివరిస్తుంటే ఓపిగ్గా వినేవాడు. చివర్న అడిగేవాడు:

"ఇక్కడ కాస్త అటు తిరగనా?"