రెండు గంటల వేళ వచ్చేవాళ్ళు

నాకు మొదటి ఉద్యోగం రేపల్లె దాటి పెనుమూడి వెళ్ళే దారిలో, ఒక పల్లెటూరి గ్రంథాలయంలో వచ్చింది. అరవైలు ముగుస్తున్న రోజులు. అప్పటికి పెనుమూడి దగ్గర వంతెన లేదు, కృష్ణ దాటాలంటే పడవే. మాది తెనాలి. ఉద్యోగమంటే తెనాలిలోనో బాపట్లలోనో పెద్ద హాల్లో, ఫ్యాన్ల కింద, వరసగా బీరువాలున్నచోట అనుకున్నదాన్ని. నాన్న నన్ను రేపల్లె దాకా రైల్లో తీసుకొచ్చి, అక్కణ్ణుంచి బస్సులో ఆ ఊరు చేర్చి, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంట్లో గది మాట్లాడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను. ఎప్పుడు బదిలీ అవుతుందా అన్న ఆలోచన ఆ క్షణంలోనే మొదలైంది.

గ్రంథాలయం రెండు గదుల పెంకుటిల్లు. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరవాలి. తలుపు తీయకముందే రైతులు అరుగు మీద కూర్చుని ఉండేవారు. పేపరు వచ్చిందంటే ఒక్కో కాగితం ఒక్కొక్కరి చేతిలోకి పోయేది. ధాన్యం ధరలూ, రాజకీయాలూ, కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారన్న చర్చలూ. బీరువాల్లోని పుస్తకాల జోలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళయితే ఆ గుమ్మం తొక్కేవారే కాదు. ఎప్పుడైనా ఓ చిన్నపిల్ల వచ్చి, "మా అమ్మ ఏదైనా మంచి పుస్తకం ఇమ్మందండి" అని చెయ్యి చాపేది. ఆ అమ్మకి ఏది మంచి పుస్తకమో నాకు తెలిసేది కాదు.

గ్రంథాలయానికి ఎదురింట్లో కొత్తగా కాపరానికొచ్చిన అమ్మాయి ఉండేది. చీరాల నేతపనివాళ్ళ పిల్ల. భర్త ఆ ఊళ్ళోనే బట్టల కొట్టు నడిపేవాడు. నేను పొద్దుటి పని ముగించి తాళం వేస్తుంటే ఒకరోజు తలుపు చాటునుంచి పిలిచింది.

"ఏవండీ, ఈ వారం పత్రిక వచ్చిందాండి?"

"వచ్చింది. లోపలుంది. వచ్చి చూసుకోండి."

"అమ్మో, అంతమంది మగాళ్ళలోకా? మా అత్తయ్యగారు ఊరుకోరండి." మళ్ళీ తనే అంది, "ఆ సీరియల్లో పిల్ల పెళ్ళిపీటల మీంచి లేచి వెళ్ళిపోయింది. అక్కడిదాకా పుట్టింట్లో చదివాను. ఇంతలో నా పెళ్ళయిపోయింది. తర్వాత ఏమైందో తెలీదండి."

నవ్వొచ్చింది గానీ ఆ గొంతులో ఉన్నది నవ్వులాట కాదు. తాళం మళ్ళీ తీసి, పాత సంచికలన్నీ వెతికి తెచ్చి ఇచ్చాను. తన గుమ్మంలో నిలబడే చదవడం మొదలుపెట్టింది. అన్నం తిని నేను తిరిగొచ్చేసరికి కూడా అలాగే నిలబడి ఉంది.

అప్పుడు వచ్చింది ఆలోచన. మధ్యాహ్నం ఎలాగూ మూసే ఉంటుంది. మగవాళ్ళు పొలాల్లోనో, నిద్రలోనో ఉంటారు. ఆడవాళ్ళకి వంటిల్లు సర్దుకుని, మళ్ళీ సాయంత్రం పని అందుకునే లోపు కాస్త వ్యవధి ఉంటుంది. రెండింటికి తలుపు తీసి కూర్చుంటే? నేనున్న ఇంటి పెద్దావిడతో అంటే, "నాకు చదువు రాదు గానీ, చదివేవాళ్ళుంటే వింటా" అంది. మొదటిరోజు వచ్చింది వాళ్ళిద్దరే. పెద్దావిడ ఒళ్ళో చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తూ కూర్చుంటే, చీరాల అమ్మాయి పైకి చదివింది. ఆమె చదువుతుంటే కథలోని మనుషులు ఆ గదిలోనే తిరుగుతున్నట్టుండేది.

నెల తిరిగేసరికి గది నిండింది. ఊరి పెద్దొకాయన ఆ మాట విని వచ్చారు.

"ఏమ్మా, మధ్యాహ్నం పూట ఆడాళ్ళంతా ఇక్కడ చేరితే ఇళ్ళల్లో పనులెవరు చేస్తారు?"

నేను నోరు విప్పేలోపు పెద్దావిడ అందుకుంది. "పనులు చేసుకునే వచ్చాంలే అన్నయ్యా. పొద్దున నువ్వు పేపరు పట్టుకు కూర్చుంటే నీ పనులెవరు చేస్తన్నారు?"

ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఆయన కోడలు కూడా రావడం మొదలుపెట్టింది.

కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ముగ్గురు, నాట్లు లేని రోజుల్లో వచ్చి గడప అవతలే కూర్చునేవారు. లోపలికి రమ్మని నేనెంత చెప్పినా కదిలేవారు కాదు. లోపలున్న కొందరు వాళ్ళని పిలవనూ లేదు. ఒక రోజు చీరాల అమ్మాయి ఉన్నట్టుండి గొంతు బాగా తగ్గించి చదవసాగింది. "వినపడట్లేదమ్మా" అన్నారు బయటివాళ్ళు. "గొంతు నొప్పండి, ఇంతకంటే పైకి రాదు. దగ్గరికి రండి" అంది తల ఎత్తకుండానే. కథ మంచి పట్టులో ఉంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని లోపలికొచ్చి కూర్చున్నారు. మర్నాటికి గొంతు నొప్పి తగ్గిపోయింది.

మా గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు ఎప్పుడో గానీ వచ్చేవి కావు. వచ్చినవాటిలో వీళ్ళకి కావలసినవి ఉండేవి కావు. ఆ కొరత తీర్చింది కూడా చీరాల అమ్మాయే. పుట్టింటికెళ్ళి వచ్చేటప్పుడు ఒక సంచి నిండా పత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్ళు తెచ్చింది. దబ్బనంతో పొడిచి, మగ్గం దారంతో కుట్టి, నేత గుడ్డముక్కలు అట్టలకు అంటించినవి. "మా అమ్మా నేనూ కుట్టామండి. ఇక్కడ పెట్టండి" అంది. అది చూసి మిగతావాళ్ళు కూడా అటకల మీద దాచుకున్నవి దించారు. ఒకరి దగ్గర మొదలు లేదు, ఇంకొకరి దగ్గర చివర లేదు. అందరూ నేల మీద కూర్చుని ముక్కలు జతచేసేవారు. దొరక్కుండా పోయిన వారాల కథని, గుర్తున్నవాళ్ళు నోటితో చెప్పేవారు. ఒక్కోసారి ఇద్దరు రెండు రకాలుగా చెప్పి వాదించుకునేవారు.

పై ఆఫీసునుంచి తనిఖీకి వచ్చిన ఆయన ఆ సీరియళ్ళు పెట్టిన బీరువా ముందు ఆగారు.

"ఇవి పుస్తకాలు కావు కదమ్మా. రిజిస్టరులో ఎక్కవు."

"ఎక్కవండి. కానీ ఈ ఊళ్ళో ఎక్కువమంది చదివేవి ఇవేనండి."

ఆయన ఒకటి తీసి తిరగేశారు. నిలబడే రెండు మూడు పేజీలు చదివారు. "సరే, నేను చూడలేదనుకోండి" అని పెట్టేసి, రేపల్లె బస్సు టైమెంతని అడిగారు.

అప్పటికి చీరాల అమ్మాయి నన్ను అక్కయ్యగారూ అని పిలిచేది. అందరూ వెళ్ళాక, మగవాళ్ళు వచ్చేలోపు కాసేపు మేమిద్దరమే మిగిలేవాళ్ళం. చీరాల వీధుల్లో మగ్గాల చప్పుడు గురించి చెప్పేది. ఇక్కడ ఆ చప్పుడు లేక కాపరానికొచ్చిన కొత్తల్లో నిద్ర పట్టేది కాదట. నేను తెనాలి గురించి చెప్పేదాన్ని. బదిలీ మాట ఎత్తడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

బదిలీ మాత్రం వచ్చింది. ఎప్పుడో అడిగిన బాపట్లకే, ఎత్తయిన హాలూ ఫ్యాన్లూ ఉన్నచోటికే. డెబ్భైలు సగానికి వచ్చాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. ఆ మధ్యాహ్నం ఎవరూ కథ చదవమనలేదు. పెద్దావిడ, "పెద్ద ఊరికెళ్తున్నావుగా, మంచిదేలే" అని నా తల నిమిరింది. చీరాల అమ్మాయి బీరువా సర్దుతూ అటు తిరిగే అడిగింది.

"రేపట్నుంచి తలుపెవరు తీస్తారక్కయ్యగారూ?"

"కొత్తగా వచ్చే ఆయనకి చెప్పి వెళ్తాను."

"చెప్పండి" అంది. ఆయన తీయరని మా ఇద్దరికీ తెలుసు.

బాపట్లలో పాఠకులకు కొదవలేదు. కాలేజీ కుర్రాళ్ళు బల్లల మీద తలలు వంచి చదువుకునేవారు. హాలు నిశ్శబ్దంగా ఉండేది. అలా ఉండాలనే నాకు నేర్పారు. కానీ రెండయ్యేసరికి నా చెవులు ఊరికే ఉండేవి కావు. చింతగింజ చేటలో పడే చప్పుడు కోసం, "ఆగమ్మా, ఆ ముక్క మళ్ళీ చదువు" అనే మాట కోసం వెతికేవి. ఆడవాళ్ళకి ఒక గంట కేటాయిద్దామని మా పై అధికారిని అడిగి ఒప్పించాను. ఉపాధ్యాయినులూ, ఉద్యోగుల భార్యలూ వచ్చేవారు. మర్యాదగా పుస్తకం తీసుకుని, సంతకం పెట్టి వెళ్ళేవారు. వాళ్ళ తప్పేమీ లేదు.

కొన్నాళ్ళకు ఆ ఊరు వెళ్ళాను. మధ్యాహ్నం గ్రంథాలయానికి తాళం వేసి ఉంది. ఎదురింటికీ తాళమే. పెద్దావిడ నన్ను చూసి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కొత్తాయన బీరువా ఖాళీ చేయమంటే ఆడవాళ్ళంతా వచ్చి ఆ సీరియళ్ళు ఇళ్ళకి మోసుకెళ్ళారట. "ఒకళ్ళు చదివి ఇంకొకళ్ళకి ఇస్తన్నారు. నాకు ఆ కూలికెళ్ళేవాళ్ళలో ఒకామె కూతురు వచ్చి చదివిపెడుతుంది, అయిదో క్లాసు" అంది. బట్టల కొట్టు సాగక, చీరాల అమ్మాయీ భర్తా ఊరు విడిచి వెళ్ళారని అప్పుడే తెలిసింది. "వెళ్ళేముందు నువ్వొస్తావేమోనని చూసింది" అంది పెద్దావిడ.

ఆ తర్వాత ఒక సెలవు రోజు బాపట్లలో రైలెక్కి చీరాలలో దిగాను. ఆ అమ్మాయి ఒకప్పుడు చెప్పిన గుర్తులు పట్టుకుని, ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఆ ఇల్లు చేరాను. మగ్గం మీద ఎవరో నేస్తున్నారు. ఆమె తల్లి బయటికొచ్చింది. కూతురూ అల్లుడూ పని వెతుక్కుంటూ దూరం వెళ్ళారనీ, ఇంకా ఒకచోట కుదురుకోలేదనీ చెప్పి మంచినీళ్ళిచ్చింది.

"మా అమ్మాయికి మీరేమవుతారండి?"

గ్రంథాలయంలో పనిచేసేదాన్ని అనబోయాను. "అక్కనండి" అన్నాను.

ఆమె నన్నొక్కసారి చూసి, "అయితే అన్నం తిని వెళ్ళమ్మా" అని లోపలికి నడిచింది. తిరుగుబండికి ఇంకా టైముంది. నేను గుమ్మంలో కూర్చుని మగ్గం చప్పుడు వింటూ ఉండిపోయాను.