లూదియా కుట్టిన క్యాలెండర్

"కొలత రాసుకోకుండా గుడ్డ కత్తిరిస్తే ఏమయితాదన్నా? పాడయితాది. పిల్ల జ్వరమూ అంతే అనుకున్యా."

కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే నాతో చెబుతోంది లూదియా. ఆళ్లగడ్డలో ఆమె జాకెట్లు కుట్టే గది అది. గుమ్మంలో ఆమె కూతురు దీవెన దారపు రీళ్లు వరసగా పేర్చుకుంటోంది. ఇప్పుడు రెండున్నరేళ్లు. ఏడాది నిండింది మొదలు ఆ పిల్లకు ఊరికే జ్వరం వచ్చేది. నూట మూడు దాకా ఎక్కేది, నోట్లో పొక్కులు లేచేవి, మెతుకు ముట్టేది కాదు. నాలుగైదు రోజులకు ఏమీ జరగనట్టు లేచి ఆడుకునేది. ఇద్దరు డాక్టర్లు మందులు మార్చారు. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. తేలకపోయేసరికి మాటలు తల్లి మీదికి మళ్లాయి. పిల్లను పట్టించుకోకుండా మిషను తొక్కుతుందన్నారు.

అత్త జయమ్మ ఇంకో కారణం పట్టుకుంది. చర్చిలో ప్రభువు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు పక్క ఊళ్లవాళ్లూ వస్తారు, పిల్లను చేతులు మార్చి ముద్దాడతారు. వరసగా మూడుసార్లు మర్నాడే జ్వరం తగిలింది. ఇన్ని చేతులు పిల్లకు పడవని జయమ్మ తీర్మానించేసి, ఇంట్లోనే ఉంచమంది. పిల్లతో పాటు లూదియా కూడా ఆగిపోయింది. తొమ్మిది నెలలు ఆమెకు రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం మిషను ఆగింది.

ఇంట్లో ఉంచినా జ్వరం వచ్చింది. దాంతో ఆమె రోజూ మూడు పూటలా కొలవడం మొదలుపెట్టింది. చర్చి ఇచ్చిన క్యాలెండర్లో, ఆ రోజు గడిలోనే అంకె వేసేది. జ్వరం గళ్లకు ఎర్ర పెన్సిల్, సంస్కారం ఆదివారాలకు నీలం. కాగితాలు తిప్పి చూస్తే ఏమీ అర్థం కాలేదట. అందుకని వారాల వరసలన్నీ కత్తిరించి, ఒకదాని కొసకు ఒకటి పెట్టి మిషను మీద కుట్టేసింది. ఎనిమిది నెలల జ్వరం చీరంత పొడవు వచ్చింది. దాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది.

పిల్లల డాక్టరమ్మ, ఎన్నాళ్లకొకసారి వస్తుందమ్మా అని అడిగింది. లూదియా నోటితో చెప్పలేదు. చుట్ట విప్పి బల్ల మీంచి తలుపు దాకా పరిచింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, దాని వెంబడే నడుచుకుంటూ చూసింది.

"ఎర్ర గుర్తులు జాకెట్టుకు హుక్కులు కుట్టినట్లు సమానంగా ఉన్న్యాయన్నా. ఇరవై ఎనిమిది రోజులకొకటి. నీలం గుర్తులు మొదట వాటి పక్కనే ఉండి, పోను పోను దూరమైపాయ."

డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేయించింది, జ్వరం ఉన్నప్పుడూ లేనప్పుడూ పిల్లను చూసింది. ఇది వంతు ప్రకారం వచ్చే జ్వరం, బయటి నుంచి అంటుకునేది కాదంది. ఎదిగేకొద్దీ చాలామందికి పోతుందంది, వచ్చినప్పుడు వేయాల్సిన మందు రాసింది. తన దగ్గర నేర్చుకునే డాక్టర్లను పిలిచి, ఆ గుడ్డముక్కలాంటి కాగితాన్ని చూపించింది. జ్వరం ఇప్పటికీ వస్తుంది. ఒక్క రోజులో దిగిపోతుంది.

జయమ్మ టీ గ్లాసులు తెచ్చి కూర్చుంది. "డాక్టరమ్మకే కొలతలు చూపిచ్చింది మా కోడలు," అంది నాతో.

"అప్పుడు ఊరోళ్ల చేతులు పడవంటివే అత్తా?" అంది లూదియా.

"నేనన్యానా? ఊరోళ్లే అన్యారు," అంటూ జయమ్మ దీవెనను ఒళ్లోకి లాక్కుంది. నంద్యాల నుంచి వచ్చాక మొదటి ఆదివారం పిల్లను చర్చికి ఎత్తుకుపోయింది ఆమేనట, అక్కడ కూర్చున్న వరస వరసకూ ఈ కథ చెప్పిందీ ఆమేనట.

నేను లేవబోతుంటే లూదియా దారం తెంపి, ఒక కొత్త క్యాలెండర్, రెండు పెన్సిళ్లు నా చేతిలో పెట్టింది.

"ఉయ్యాలవాడకు పోతాండావు కదన్నా. ఆడ జెస్సీ అని మా చిన్నాయన కూతురు. దాని పిల్లోనికీ ఇదే మాదిరి జ్వరం. అందరూ దాన్నే అంటాండారు. ఇవి ఇయ్యి. డాక్టరు కాడికి పోయేటప్పుడు పట్టుకపొమ్మను. ఏడుస్తా రాసినా పర్వాలేదు, ఒక్క గడి కూడా ఖాళీ పెట్టొద్దని చెప్పు."